రాజీనామా రాస్తున్నది మీరా, మీ రక్తపోటా?

బాస్‌తో గొడవైనప్పుడు ‘ఈ ఉద్యోగం నాకొద్దు’ అనిపించటం సహజం. ఒక్కోసారి ఆ నిర్ణయం సరైనదే కావచ్చు కూడా. కానీ కోపంలో ఉన్నప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే, ఆ లేఖ పంపే ముందు చాలామంది ఒక్క రోజైనా ఆగుతారు.

మీటింగులో నలుగురి ముందు మాట పడ్డారు. చెయ్యని తప్పు మీ మీదికి వచ్చింది. రాత్రి పదింటిదాకా కూర్చుని చేసిన పని ఇంకొకరి ఖాతాలో పడింది. సెలవు అడిగితే ‘మీకెప్పుడూ ఏదో ఒకటి ఉంటుందిగా’ అన్నారు. అప్పటిదాకా మింగలేక కక్కలేక నెట్టుకొస్తున్న ఓపిక కాస్తా ఆ ఒక్క మాటతో తెగిపోతుంది. రెండు వాక్యాలు టైపు చేసి పంపేసి, బ్యాగు భుజాన వేసుకుని బయటికి వచ్చేస్తారు.

మా మెడిసిన్ ఓపీకి ఇలాంటివారు వస్తూనే ఉంటారు. ఉద్యోగం మానేశామని చెప్పుకోవటానికి కాదు. ఛాతీ బరువుగా ఉందనో, నిద్ర పట్టటం లేదనో, తల తిరుగుతోందనో వస్తారు. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే కాసేపు ఆలోచించి, ‘ఉద్యోగం మానేసినప్పటి నుంచి’ అంటారు. మందులు సరిగా వాడుతున్నారా అంటే మాట దాటేస్తారు.

ఉద్యోగంలో ఉండాలా, మానాలా అన్నది మీరూ మీ ఇంట్లోవాళ్లూ తేల్చుకోవాల్సిన విషయం. వైద్యుడిగా నేను చెప్పేది ఒక్కటే. నిర్ణయం ఏదైనా సరే, ఒళ్లు చల్లబడ్డాక తీసుకోండి.

ఆ పావుగంటలో ఏమవుతుంది?

మన మెదడు లోపల బాదంగింజంత ఉండే అమిగ్డలా అనే భాగం ముప్పును పసిగడుతుంది. ఎదురుగా పాము కనబడినా, నలుగురిలో అవమానం జరిగినా అది మోగించే గంట ఒకటే. వెంటనే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాలేయం నుంచి గ్లూకోజు రక్తంలోకి వస్తుంది. కండరాలు బిగుసుకుంటాయి, నోరు ఎండిపోతుంది, ఆకలి చచ్చిపోతుంది. కాసేపటికి కార్టిసాల్ కూడా తోడవుతుంది. ఇదంతా కొట్లాడటానికో, పారిపోవటానికో శరీరం చేసుకునే ఏర్పాటు.

ఇదే సమయంలో నుదుటి వెనక ఉండే ప్రిఫ్రంటల్ కార్టెక్స్ పట్టు సడలుతుంది. ముందువెనకలు ఆలోచించేది, లాభనష్టాలు బేరీజు వేసేది ఈ భాగమే. ఇంటి అప్పు వాయిదా, పిల్లల ఫీజు, అమ్మకు చేయించాల్సిన మోకాలి ఆపరేషన్... ఇవేవీ ఆ క్షణంలో గుర్తుకు రాకపోవటానికి కారణం ఇదే. మర్నాడు ఉదయం అన్నీ ఒక్కసారిగా గుర్తుకొస్తాయి.

రక్తనాళాల మీద కూడా కోపం ప్రభావం ఉంటుంది. 2024లో అమెరికాలో 280 మంది ఆరోగ్యవంతులను గుంపులుగా చేసి, ఒక గుంపులోని వారిని తమకు కోపం తెప్పించిన సంఘటనను 8 నిమిషాల పాటు గుర్తుచేసుకోమన్నారు. వారి రక్తనాళాలు వ్యాకోచించే సామర్థ్యం 40 నిమిషాల వరకూ తగ్గింది. అంటే బాస్ ఎదురుగా లేకపోయినా, ఆయన అన్న మాటను తలచుకుంటూ కూర్చున్నా చాలన్నమాట. సాయంత్రమంతా అదే నెమరువేసుకుంటే శరీరం కూడా సాయంత్రమంతా గొడవ పడుతున్నట్టే లెక్క.

మనదేశం సహా 52 దేశాల్లో 12 వేల మందికి పైగా గుండెపోటు బాధితులతో చేసిన ఇంటర్‌హార్ట్ పరిశీలన మరో విషయం చెప్పింది. తీవ్రమైన కోపం లేదా మనస్తాపం కలిగిన తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు రెట్టింపుకు మించింది. ఆ స్థితిలోనే భారీ శారీరక శ్రమ కూడా చేస్తే ముప్పు దాదాపు మూడు రెట్లు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల వారు దీనికి బెంబేలెత్తాల్సిన పనిలేదు. వారి విషయంలో అసలు ముప్పే చాలా తక్కువ. కానీ రక్తపోటు, మధుమేహం, పొగతాగే అలవాటు ఉన్న నలభై దాటినవారు మాత్రం పట్టించుకోవాలి.

కక్కేస్తే తగ్గుతుందా?

‘లోపలున్నదంతా కక్కేస్తే మనసు తేలికవుతుంది’ అని చాలామంది నమ్మకం. 150కి పైగా అధ్యయనాలను కలిపి 2024లో విశ్లేషించినప్పుడు ఈ నమ్మకానికి పెద్దగా ఆధారం దొరకలేదు. శరీరాన్ని ఇంకా ఉద్రేకపరిచే పనులతో కోపం తగ్గలేదు. శ్వాస మీద ధ్యాస, కండరాలను సడలించుకోవటం, ధ్యానం వంటి శాంతపరిచే పనులతో తగ్గింది. అందుకే గొడవైన రోజున ఇలా చేసి చూడండి.

• ముందు ఆ గదిలోంచి బయటికి రండి. ‘దీని గురించి రేపు మాట్లాడతాను’ అన్న ఒక్క మాట చాలు.

• మంచినీళ్లు తాగి, ఒకచోట కూర్చుని 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. 5 నిమిషాలు చేస్తే గుండె వేగం నెమ్మదిస్తుంది.

• నెమ్మదిగా నడవండి. కసికొద్దీ జిమ్‌లో బరువులెత్తటం, మెట్లు పరుగున ఎక్కటం ఆరోజుకు వద్దు.

• చెయ్యి వణుకుతుంటే బండి తీయకండి. ఆటోలో వెళ్లండి.

• ఆ రాత్రి మందు జోలికి పోవద్దు. నిద్ర పట్టినట్టే పట్టి అర్ధరాత్రి మెలకువ వస్తుంది, ఆలోచనలు మళ్లీ మొదలవుతాయి.

• రాజీనామా రాయాలనిపిస్తే రాసుకోండి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కనీసం మూడు రాత్రులు నిద్రపోయాక తీసి చదవండి. ఆలస్యం అమృతం విషం అంటారుగానీ, ఈ ఒక్క లేఖ విషయంలో ఆలస్యమే అమృతం.

కోపం బాస్ మీదేనా?

ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి కొన్ని వారాలుగా చిన్న మాటకే భగ్గుమంటుంటే, ఒకసారి ఒంటిని కూడా పరీక్షించుకోవాలి.

ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే ఆమె నిద్రలేమి అంటూ వచ్చారు. ప్రిన్సిపల్‌తో రోజూ గొడవేనని, అప్పటికి రెండుసార్లు రాజీనామా రాసి చింపేశానని చెప్పారు. చేతులు సన్నగా వణుకుతున్నాయి. బాగా తింటున్నా బరువు తగ్గారు. నాడి నిమిషానికి 110 ఉంది. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ హార్మోన్ మోతాదు మించి ఉంది. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకు మళ్లీ వచ్చారు. ‘ప్రిన్సిపల్ ఏం మారలేదు సార్, నాకే ఇప్పుడు సమాధానం చెప్పటం చేతనవుతోంది’ అన్నారు. ఆ విద్యా సంవత్సరం ముగిశాక వేరే బడిలో ముందే మాట్లాడుకుని, అక్కడికి మారారు. నిర్ణయం అదే. కానీ దాన్ని ఆమె తీరికగా తీసుకున్నారు.

మధుమేహానికి గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో తీసుకునేవారు మధ్యాహ్న భోజనం ఆలస్యం చేస్తే గ్లూకోజు పడిపోవచ్చు. 70 కన్నా తగ్గితే చెమటలు, వణుకుతో పాటు చిరాకు, కోపం వస్తాయి. ఒంటిగంట మీటింగు మూడింటిదాకా సాగిన రోజు గొడవ ముదరటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. గట్టిగా గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య ఉన్నవారు పొద్దున్నే విసుగ్గా లేస్తారు. మగవారిలో కుంగుబాటు దిగులుగా కాకుండా చిరాకుగా, కోపంగా బయటపడటం తరచూ చూస్తుంటాం. స్టిరాయిడ్ మాత్రలు వాడేవారిలో, నెలసరి నిలిచిపోయే వయసుకు దగ్గరవుతున్న మహిళల్లో కూడా కోపం త్వరగా రావొచ్చు. వీటన్నింటికీ చికిత్స ఉంది.

మానాల్సిన ఉద్యోగాలూ ఉంటాయి

ఎంత అవమానమైనా భరించమని నేను చెప్పను. లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులపై 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనంలో, తమ పని మీద తమకు పట్టు లేదన్న వారిలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయి. పై అధికారి తమతో న్యాయంగా ఉంటారన్న పురుష ఉద్యోగుల్లో గుండె జబ్బులు తక్కువగా ఉన్నాయి. చెడ్డ బాస్ మనసునే కాదు, గుండెనూ బాధిస్తాడు.

మీ ఉద్యోగం మీ ఒంటికి ఏం చేస్తోందో తెలుసుకోవటానికి ఒక తేలిక దారి ఉంది. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే రెండు వారాలు ఉదయం, సాయంత్రం కొలిచి పుస్తకంలో రాయండి. పని రోజులు, సెలవు రోజులు విడివిడిగా రాయండి. ఇంట్లో కొలిచిన సగటు 135/85 దాటితే డాక్టరును కలవాలి. ఆసుపత్రిలో మామూలుగానే ఉండి, పనివేళల్లో మాత్రమే పెరిగే రక్తపోటు కూడా ఉంటుంది. ఆదివారం సాయంత్రమయ్యేసరికి గుండెదడ, ఆఫీసు గేటు కనబడగానే కడుపులో తిప్పటం, నెలల తరబడి నిద్రలేమి... ఇవన్నీ ఉంటే వేరే ఉద్యోగం వెతుక్కోవటం కూడా వైద్యంలో భాగమే. లైంగిక వేధింపులైతే ఆగాల్సిన పనిలేదు. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి.

మానే ముందు చూసుకోండి

• కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిరోజుతోనే ముగుస్తుంది. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో ముందే అడగండి. కొత్తగా తీసుకుంటే, అప్పటికే ఉన్న బీపీ, షుగర్ వంటి జబ్బులకు మూడేళ్ల వరకూ నిరీక్షణ ఉండొచ్చు.

• ఈఎస్ఐ ఉన్నవారికి మర్నాడే వైద్యం ఆగిపోదు. కట్టిన చందాకు తగిన కాలం పూర్తయ్యేదాకా అందుతుంది. తేదీలు కనుక్కోండి.

• ప్రభుత్వ ఉద్యోగులు రాజీనామాకూ, స్వచ్ఛంద పదవీ విరమణకూ తేడా తెలుసుకోవాలి. రాజీనామాతో పాత సర్వీసు, పింఛను హక్కు పోయే ప్రమాదం ఉంది.

• ఖర్చు తగ్గించుకోవాలని మందులు ఆపకండి. అటెనలాల్, మెటోప్రొలాల్ వంటివి ఉన్నట్టుండి మానేస్తే రక్తపోటు, గుండె వేగం ఒక్కసారిగా పెరగొచ్చు. బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీ దవాఖానాల్లో ఉచితంగా ఇస్తారు. అడిగి తీసుకోవటానికి సంకోచం వద్దు.

ఇప్పటికే మానేసి వస్తే...

అకౌంట్స్ చూసే నలభై ఏడేళ్ల ఆయనను భార్య తీసుకొచ్చారు. విపరీతమైన తలనొప్పి, రక్తపోటు 200/120. మేనేజరుతో మాటా మాటా పెరిగి మూడు వారాల కిందట ఉద్యోగం వదిలేశారు. ఇంట్లో చెప్పలేదు. రోజూ క్యారియర్ పట్టుకుని బయల్దేరి, పార్కులో కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చేవారు. మాత్రలు అయిపోతే మళ్లీ కొనలేదు. ఇదంతా ఆమెకు మా ముందే తెలిసింది. ‘కలో గంజో కలిసే తాగేవాళ్లం కదండీ, ఒక్క మాట చెబితే ఏం పోయింది?’ అన్నారు. రక్తపోటు రెండు రోజుల్లో అదుపులోకి వచ్చింది. ఆయన నిద్రపోవటానికి మాత్రం ఆ మాటే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

కాబట్టి మానేసినవారు ఆ రోజే ఇంట్లో చెప్పండి. ఇంట్లోవాళ్లు ‘అంత ఆవేశం ఎందుకురా?’ అన్న ప్రశ్నను వారం రోజులు వాయిదా వేయండి. ముందు అన్నం పెట్టండి, మాత్రలు వేసుకున్నారో లేదో చూడండి. లేచే వేళ, నడిచే వేళ, పడుకునే వేళ మారకుండా చూసుకోండి.

ఛాతీలో నొక్కేసినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో లాగటం, చెమటలు, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు కనిపిస్తే కోపం వల్లేనని సర్దిచెప్పుకోకుండా 108కి ఫోన్ చేయండి. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి ఉన్నా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోటివెంట వచ్చినా టెలి మానస్ 14416కి చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా పలుకుతారు. ఉద్యోగం ఇంకొకటి వెతుక్కోవచ్చు. దాన్ని వెతుక్కునేందుకు ఒంట్లో ఓపిక, పక్కన మనిషి ఉండాలి.