రంగు మారే రాయి, చేయి మారని విద్య

గిల్టు నగల్లో, ముఖ్యంగా పాతకాలం ఫ్యాషన్‌లో చేసిన హారాల్లో, కమ్మల్లో, ఒక వింత రాయి కనిపిస్తుంది. ఎండలో చూస్తే లేత వంగపువ్వు రంగు. ట్యూబ్‌లైటు కింద చూస్తే లేత నీలం. అది రత్నం కాదు, గాజు. గాజు కరిగించేటప్పుడు నియోడిమియం అనే లోహపు ఆక్సైడు కలిపితే ఈ గుణం వస్తుంది. ఈ లోహాన్ని 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ కనుగొన్నాడు.

ఈ గాజు వెలుగులోని పసుపు రంగును మింగేస్తుంది. సూర్యకాంతిలోనూ, పాత ఫిలమెంటు బల్బు వెలుగులోనూ అన్ని రంగులూ ఉంటాయి. అందులోంచి పసుపు పోగా మిగిలిన ఎరుపు, నీలం కలిసి వంగపువ్వు రంగుగా కనిపిస్తాయి. ట్యూబ్‌లైటు వెలుగులో ఎరుపు తక్కువ కాబట్టి నీలమే పైకి తేలుతుంది. రాయి మారలేదు, దాని మీద పడే వెలుగు మారింది.

నేటి చెక్ దేశంలోని మోజర్ గాజు కర్మాగారం 1920ల చివర్లో ఈ గాజుతో పాత్రలు చేసి, ‘అలెగ్జాండ్రిట్’ అని పేరు పెట్టింది. అలెగ్జాండ్రైట్ అనే అసలు రత్నం వేరు. అది పగటి వెలుగులో ఆకుపచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. ఎవరైనా ఆ పేరు చెప్పి నగ అమ్మజూపితే ఈ తేడా గుర్తుంచుకోండి. గాజును గాజుగా కొనడంలో తప్పు లేదు, రత్నం ధర పెట్టి కొంటేనే నష్టం.

గాజు నగలకు పేరుపొందిన ఊరు అదే దేశపు ఉత్తరాన ఉన్న యాబ్లొనెత్స్. జర్మన్‌లో గాబ్లోంజ్. అక్కడి పని ఇళ్లలోనే సాగేది. ఒక ఇంట్లో గాజు కడ్డీలను వేడిచేసి అచ్చుల్లో నొక్కేవారు, మరో ఇంట్లో సానబట్టేవారు, ఇంకో ఇంట్లో రాళ్లు పొదిగేవారు. వర్తకులు ఆ సరుకును దేశదేశాలకు పంపేవారు. మన దేశపు ఆడపడుచుల చేతులకూ అక్కడి గాజులు ఎన్నో వచ్చాయి. 1880లో ఆ ఊళ్లో ఈ పనుల కోసమే ఒక బడి పెట్టారు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అక్కడి జర్మన్ భాషీయులను వెళ్లగొట్టారు. ఇల్లూ కొలిమీ వదిలి వచ్చినవారిలో చాలామంది జర్మనీలోని కౌఫ్‌బాయిరెన్ దగ్గర, మూతపడ్డ మందుగుండు కర్మాగారం స్థలంలో స్థిరపడ్డారు. ఆ కొత్త ఊరి పేరు నాయ్‌గాబ్లోంజ్. అక్కడా నగల పని మొదలుపెట్టారు, దాన్ని నేర్పే బడీ నిలబెట్టారు. ఆస్తి పోయినా విద్య వారి వెంటే వచ్చింది.

ఇప్పుడు మన చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌ వైపు చూద్దాం. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, గుండ్రంగా వంచి, చల్లారకముందే ఒక్కొక్క రాయీ అద్దే పని అక్కడిది. ఆ మెరిసే రాళ్లూ గాజువే. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది గాని, కుంపటి ముందు కూర్చున్నవారి పిల్లలకు ఫీజు కట్టదు.

బడి మాన్పించి పనిలో పెడితే ఆ బిడ్డకు కూలి ఒక్కటే దక్కుతుంది. పని మాన్పించి బడికి పంపితే తరాల నేర్పు ఆ ఇంట్లోనే ఆగిపోవచ్చు. ఈ రెంటిలో ఒకటే ఎంచుకోనక్కరలేదని గాబ్లోంజ్ వారు చూపించారు. తండ్రి దగ్గర చేతిపని, బడిలో డ్రాయింగ్, రసాయన శాస్త్రం, లెక్కలు నేర్చిన పిల్ల రేపు సొంత డిజైను గీస్తుంది, దాని ధర తానే కడుతుంది. దాతలు ఇచ్చే ఒక ఉపకార వేతనం ఈ రెండు చదువులనూ ఒక ఇంట్లో నిలబెట్టగలదు.