పార్సిల్ తప్పు బండి ఎక్కకుండా ఉండాలంటే

భీమడోలు నుంచి మాట్లాడుతున్నాను. ఇంటర్ అయిపోయో, డిగ్రీ మధ్యలోనో డెలివరీ కంపెనీలో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు కదా, ఈ ఎపిసోడ్ వాళ్ళ కోసం. బండి నడపడం మీకెవరూ నేర్పక్కర్లేదు. కానీ పొద్దున్నే లోడింగ్ దగ్గర చేసే తప్పు రోజంతా వెంటాడుతుంది. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

నేను చేరి అప్పటికి నెల కూడా కాలేదు. హబ్ ముందు రెండు బండ్లు పక్కపక్కనే ఆగి ఉన్నాయి. ఒకటి ద్వారకా తిరుమల వెళ్ళే వ్యాను, ఇంకోటి కొల్లేరు వైపు వెళ్ళే నా ట్రాలీ ఆటో. అంటే ఒకటి కొండ వైపు, ఒకటి సరస్సు వైపు. నేను నాలుగు పార్సిళ్ళు వరసగా స్కాన్ చేసి కింద పెట్టాను. ఇంతలో ఫోన్ మోగింది. మాట్లాడుతూనే ఎత్తి లోడ్ చేసేశాను. అందులో ఒక చిన్న డబ్బా పక్క వ్యానులోకి వెళ్ళిపోయింది.

అది ఒక లంక ఊళ్ళో చేపల చెరువు రైతుది. ఏరియేటర్ మోటారుకి కావలసిన స్పేర్ పార్ట్. యాప్‌లో చూస్తే డబ్బా నా ఆటోలోనే ఉన్నట్టు చూపిస్తోంది. ఊళ్ళోకి వెళ్ళి ఆటో అంతా వెతికాను, లేదు. వ్యాను డ్రైవర్ పదకొండింటికే దాన్ని చూశాడట. "సాయంత్రం హబ్‌లో ఇచ్చేద్దాంలే" అనుకున్నాడు. డబ్బా తిరిగొచ్చేసరికి రాత్రయిపోయింది.

చెరువు సంగతి తెలియని వాళ్ళకి ఒక్క మాట. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఎండ ఉండదు కాబట్టి అది తయారవ్వదు, కానీ చేపలూ నాచూ పీలుస్తూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఏరియేటర్ తిరగాల్సింది సరిగ్గా అప్పుడే. మర్నాడు పొద్దున్నే డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి గట్టు పక్కన చేపలు తేలి ఉన్నాయి. ఆ బాబాయిగారు నన్ను తిట్టలేదండి. "నీకది చిన్న డబ్బా బాబూ, నాకు ఈ ఏడాది పంట" అన్నారంతే. ఆ రోజు నుంచి నేను పాటిస్తున్నవి ఐదు ఉన్నాయి.

మొదటిది: ఊరి పేరు చూసి లోడ్ చేయకండి, పిన్ కోడ్ చివరి అంకె దాకా చదవండి. మన దగ్గర పేర్లు ఎంత మోసం చేస్తాయో చూడండి. చేబ్రోలు మన ఉంగుటూరు దగ్గరా ఉంది, గుంటూరు దగ్గరా ఉంది. ఉంగుటూరు మనకీ ఉంది, కృష్ణా జిల్లాలోనూ ఉంది. తాడేపల్లి వేరు, తాడేపల్లిగూడెం వేరు, గూడెం పక్కనున్న పెదతాడేపల్లి వేరు. మన దేశంలో పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఒకే పేరుతో ఉన్న ఊళ్ళ గందరగోళం కూడా దానికి ఒక కారణమే. మొదటి మూడు అంకెలు ఏ ప్రాంతమో చెప్తాయి. 534 అంటే మన వైపు, 522 అంటే గుంటూరు వైపు. చివరి మూడు అంకెలు ఏ పోస్టాఫీసో చెప్తాయి. భీమడోలు 534425, ద్వారకా తిరుమల 534426. ఒక్క అంకె తేడాతో బండి మారిపోతుంది!

జిల్లా పేరు చూసి కూడా కంగారు పడకండి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. ఇప్పటికీ కొంతమంది భీమడోలు అడ్రస్‌లో పశ్చిమ గోదావరి అనే రాస్తారు. జిల్లా మారినా పిన్ అదే.

రెండోది: స్కాన్ చేసిన చేత్తోనే బండిలో పెట్టండి. స్కానర్ "బీప్" అందంటే పార్సిల్ లెక్కలోకి ఎక్కిందని మాత్రమే. మీ చెయ్యి దాన్ని ఏ బండిలో పెట్టిందో దానికి తెలీదు. ఒకటి స్కాన్, ఒకటి లోడ్, మళ్ళీ ఇంకోటి. మధ్యలో ఫోన్ వస్తే మోగనివ్వండి.

మూడోది: అన్నం క్యారేజీ గుర్తుపెట్టుకోండి. ముందు తెరిచే గిన్నె పైనుంటుంది, సర్దేటప్పుడు అది ఆఖర్న పెడతాం. బండీ అంతే. భీమడోలు నుంచి పూళ్ళ, ఉంగుటూరు మీదుగా గూడెం వెళ్తున్నారనుకోండి. గూడెం పార్సిళ్ళు ముందు ఎక్కించి లోపలికి తొయ్యాలి, తర్వాత ఉంగుటూరు, ఆఖర్న తలుపు దగ్గర పూళ్ళ. ఇది తిరగబడితే ప్రతి ఊళ్ళోనూ బండి ఖాళీ చేసి మళ్ళీ సర్దాలి. పార్సిళ్ళు కలిసిపోయేది ఆ రోడ్డు మీదే.

నాలుగోది: బరువైనవి కింద, పగిలేవి పైన. లేబుల్ మీకు కనపడేలా తిప్పి పెట్టండి. చిన్న ప్యాకెట్లు పెద్ద పెట్టెల సందుల్లో పడి మాయమైపోతాయి, వాటికి ఊరికొక సంచి పెట్టుకోండి. వానాకాలం పైన పట్టా తప్పనిసరి, లేబుల్ తడిసిందంటే పిన్ కూడా చదవలేం.

ఐదోది: తలుపు వేసే ముందు లెక్కపెట్టండి. యాప్‌లో 62 ఉంటే బండిలో 62 ఉండాలి. ఒకటి తగ్గినా, ఎక్కువైనా బయల్దేరకండి. "లేటైపోతోంది" అని సూపర్‌వైజర్ విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. అక్కడ వెతకడానికి ఐదు నిమిషాలు పడుతుంది, దారిలో తెలిస్తే పూట పోతుంది. ఒకవేళ దారిలో వేరే రూట్ పార్సిల్ కనపడిందా, ఆ నిమిషమే ఫోన్ చేయండి. నా విషయంలో పదకొండింటికి ఒక్క కాల్ వచ్చి ఉంటే, సాయంత్రం లోపే ఆ డబ్బా చెరువు దగ్గరికి చేరేది.

తప్పు ఎవరైనా చేస్తారండి. దాన్ని సాయంత్రం దాకా దాచడం వల్లే నష్టం పెరుగుతుంది. డబ్బా లోపల ఏముందో మనకి తెలీదు, మందులు కావచ్చు, సర్టిఫికెట్లు కావచ్చు. రేపు పొద్దున లోడింగ్‌లో ఈ ఐదూ ఒకసారి చేసి చూడండి. మీ హబ్‌లో కొత్తగా చేరిన వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకీ చెప్పండి. మళ్ళీ కలుద్దాం, బండి జాగ్రత్తగా నడపండి.