కాలము పండించు ద్రాక్షాసవము

మన ఆలంకారికులు కావ్యపాకములను ద్రాక్షతోను, కదళీఫలముతోను, నారికేళముతోను పోల్చి చెప్పిరి. ద్రాక్ష నోట వేసికొన్నంతనే రసము నిచ్చును. అరటిపండునకు తొక్క తీయవలెను. కొబ్బరికాయకు పీచు ఒలిచి, చిప్ప పగులగొట్టినగాని లోపలి రుచి తెలియదు. ఈ లెక్కను బట్టి ద్రాక్ష అన్నిటికంటె సులభమైనది. కాని ఆ ద్రాక్షతోనే తయారై, నారికేళముకంటె కఠినమై, ఇరువది ముప్పది సంవత్సరములు కాచుకొన్నవారికి గాని తన రసమును పూర్తిగా ఈయని పానీయమొకటి కలదు. అది పోర్చుగల్ దేశమున దౌరో నదీలోయలో పుట్టు పోర్టు ద్రాక్షాసవము. అందులోను వింటేజి అని పేరుపడిన రకము. దానిని త్రాగవలెనా, మానవలెనా యన్నది వేరు ప్రశ్న. ఒక పంటను తనకొరకు గాక తన బిడ్డకొరకు దాచిపెట్టు ఆచారము ఒక పానీయము చుట్టు ఎట్లేర్పడినదో, అందులో ఎందరి చెమట కలిసినదో తెలిసికొనదగిన విషయము.

రాతినేల, మండుటెండ

దౌరో నది స్పెయిన్ దేశమున పుట్టి, పడమరగా ప్రవహించి, పోర్టో నగరమునొద్ద అట్లాంటిక్ మహాసముద్రమున కలియును. సముద్రము మీదుగా వచ్చు మేఘములను మరావ్ అను పర్వతశ్రేణి అడ్డగించుటచే లోపలి లోయలో వానలు తక్కువ. తొమ్మిది నెలలు శీతకాలము, మూడు నెలలు నరకము అని అచ్చటివారు తమ వాతావరణమును గూర్చి చెప్పుకొందురు. నేల చూతమా, అది మెత్తని మన్ను కాదు. పలకలు పలకలుగా విడిపోవు రాయి. ఆ రాతిని పగులగొట్టి, ఆ ముక్కలతోనే సున్నము లేకుండ గోడలు పేర్చి, కొండవాలులను మెట్లు మెట్లుగా మలచి, తరతరముల రైతులు ద్రాక్షతోటలు వేసిరి. తీగల వేళ్ళు రాతి పగుళ్ళలో నీటిని వెదకికొనుచు లోతులకు దిగును. కాపు తక్కువ, కాసిన పండులో సారమెక్కువ. మనుష్యహస్తము మలచిన ఈ కొండలను 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

సెప్టెంబరు మాసమున కోత ఆరంభమగును. తూరిగా నసియొనాల్, తూరిగా ఫ్రాంకా, తింతా రొరీజ్ మొదలగు నల్లద్రాక్ష జాతులను కోసి రాతితొట్లలో పోయుదురు. సాయంకాలము కూలివారు వరుసలు తీరి, ఒకరి భుజముపై నొకరు చేయి వైచి, అడుగులో అడుగు కలిపి గంటల తరబడి త్రొక్కుదురు. మనిషి పాదము పండు తొక్కను చిదిపి రంగును పిండును గాని, చేదైన విత్తనమును నలుపదు. యంత్రములు వచ్చిన ఈ కాలమునను మేలైన సరుకును కాళ్ళతోనే త్రొక్కించు తోటలు కలవు.

రసము పులియ మొదలిడగానే అందలి చక్కెర మద్యసారముగా మారుచుండును. కొలది దినములలోనే చక్కెర సుమారు సగము తరిగిపోవును. అప్పుడు నూటికి 77 పాళ్ళ బలము గల ద్రాక్షసారాయిని, నాలుగు పాళ్ళ రసమునకు ఇంచుమించు ఒక పాలు చొప్పున కలుపుదురు. ఆ దెబ్బతో పులియజేయు సూక్ష్మజీవులు నశించును. మిగిలిన తీపి అట్లే నిలిచిపోవును. ఇట్లు నూటికి 19 మొదలు 22 పాళ్ళ వరకు మద్యసారమును, దానితోపాటు పండ్ల తీపియు గల పానీయము సిద్ధమగును. పులియుటను సరియైన ఘడియలో ఆపుటయే పోర్టు యొక్క రహస్యము.

సంధి, శాసనము, ఉరికంబము

పండించినవారు పోర్చుగీసువారైనను, ఈ పానీయమునకు లోకప్రసిద్ధి తెచ్చినది ఆంగ్లేయుల దాహము. ఫ్రాన్సుతో యుద్ధములు వచ్చినప్పుడు ఇంగ్లండునకు ఫ్రెంచి ద్రాక్షాసవములు అందకుండెడివి. 1703లో జరిగిన మెథ్యూన్ సంధి ననుసరించి, పోర్చుగల్ ద్రాక్షాసవములపై సుంకము ఫ్రెంచివానిపై సుంకముకంటె మూడవవంతు తక్కువయ్యెను. బదులుగా ఆంగ్లేయుల ఉన్నిబట్టలకు పోర్చుగల్ తలుపులు తెరచినది. ఓడప్రయాణమున రసము చెడకుండుటకై వర్తకులు మొదట కొలదిగా బ్రాందీ కలిపిరి. క్రమముగా ఆ బ్రాందీ భద్రతకేగాక రుచికిని ఆధారమైనది.

గిరాకి పెరిగినచోట కల్తీ పుట్టుట లోకసహజము. రంగు కొరకు ఎల్డరు అను పండ్ల రసము కలుపసాగిరి. సరుకు పేరు చెడెను, ధర పడిపోయెను. 1755 భూకంపమున కూలిన లిస్బన్ నగరమును తిరిగి నిర్మింపజేసి, తరువాత పొంబాల్ మార్క్విసు అను బిరుదముతో ప్రసిద్ధుడైన మంత్రి అప్పుడు రాజ్యము నడుపుచుండెను. ఆయన 1756లో రాజానుమతితో ఒక కంపెనీని స్థాపించి, పోర్టు పండు నేలకు ఎల్లలు నిర్ణయించి, గ్రానైటు హద్దురాళ్ళు పాతించెను. ఎల్డరు చెట్లను పెరికివేయుడని ఆజ్ఞ వెలువడెను. కంపెనీ గుత్తాధిపత్యము వలన జీవనము పోయెనని పోర్టోలో ద్రాక్షాసవమమ్ము అంగళ్ళవారును, సామాన్యులును 1757లో తిరుగబడిరి. పొంబాల్ కనికరింపలేదు, అనేకులు ఉరికంబమెక్కిరి. ఒక ఊరి పేరు ఆ ఊరి పంటకే చెల్లవలెనను భావమే 2017లో మన బంగినపల్లి మామిడికి లభించిన భౌగోళిక గుర్తింపునకును మూలము. ఆ భావము 18వ శతాబ్దముననే అచ్చట శాసనరూపము దాల్చినది. దానికి చెల్లించిన మూల్యములో ప్రాణములును ఉండెనన్నది మరువరానిది.

19వ శతాబ్దమున జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ అను బ్రిటిషు వర్తకుడు దౌరో నదిని కొలిచి పటము గీచెను. రసమునకు సారాయి కలుపుట అపచారమని వాదించి, 1844లో ఒక కరపత్రము ప్రకటించి, తోటి వర్తకుల ఆగ్రహమునకు గురియయ్యెను. 1861 మే మాసమున అదే నదిలో, వలెయిరా అను చోట సుడులలో పడవ మునిగి ఆయన మరణించెను. ఆ పడవలోనే దోనా అంతోనియా ఫెర్రెయిరా కూడ ప్రయాణము చేయుచుండెను. మొదటి భర్త మరణించిన పిదప తోటల వ్యాపారమును తానే నడిపి, ఆ లోయకు పెద్దదిక్కైన స్త్రీ ఆమె. గాలి నిండిన వెడల్పు పావడాయే ఆమెను నీటిపై తేల్చి బ్రతికించెనని కథ చెప్పుకొందురు. సారాయిని గూర్చిన వాదములో ఫారెస్టర్ ఓడెను. అయినను నేడు అదే లోయనుండి సారాయి కలుపని ద్రాక్షాసవములును పేరుగాంచి వచ్చుచున్నవి. ఓడినవాని మాటలోను సత్యముండెనని కాలము తేల్చినది.

మేలైన సంవత్సరము

పోర్టులో ముఖ్యముగా రెండు మార్గములు కలవు. పీపాలలో ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా గాలి సోకుచు పాకమునకు వచ్చునది టానీ. వేరువేరు సంవత్సరముల రసములను కలిపి, 10, 20, 30, 40 సంవత్సరముల పేర దానిని అమ్ముదురు. వింటేజి అట్టిది కాదు. అది ఒక్క సంవత్సరపు పంట. పీపాలో ఇంచుమించు రెండేండ్లు మాత్రముండి సీసాలోనికి దిగును. తక్కిన జీవితమంతయు గాలి సోకని చీకటిలోనే గడుపును. నమూనాను ప్రభుత్వ సంస్థకు పంపి, పరీక్షలో నెగ్గినగాని సీసాపై ఆ పేరు వేయరాదు. ప్రతి పంటకును ఆ గౌరవము దక్కదు. పేరున్న వర్తకసంస్థలు దశాబ్దమున సుమారు మూడు పర్యాయములు మాత్రమే వింటేజిని ప్రకటించుట వాడుక. 1927, 1945, 1963, 1977, 1994, 2011 సంవత్సరముల పంటలు అట్టి ప్రసిద్ధి పొందినవి.

గుణమొక్కటియే నిర్ణయకారణము కాదు. 1931లో పంట అద్భుతముగా పండెను. కాని 1927 నాటి సరుకు ఇంకను గిడ్డంగులలో నిండియుండెను. ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించెను. అందుచే పెక్కు సంస్థలు ఆ సంవత్సరమును ప్రకటింపక విడిచిపెట్టిరి. ప్రకటించిన కొలదిమందిలో కింటా దో నొవాల్ ఒకటి. ఫిల్లాక్సెరా అను వేరుపురుగు 19వ శతాబ్దమున ఐరోపా ద్రాక్షతోటలను నాశనము చేసిన తరువాత, తీగలను అమెరికా జాతుల వేళ్ళపై అంటుగట్టి బ్రతికించుట సర్వత్ర ఆచారమయ్యెను. నొవాల్ తోటలో ఒక చిన్న చెక్కయందు మాత్రము అంటుగట్టని తీగలు పెంచుచున్నారు. ఆ చెక్కలో పండిన 1931 నాటి సీసాలు నేడు సంగ్రహకులకు కలలోని వస్తువులు.

నేలమాళిగలో నిద్ర

ఇంతకాలపు నిలువ సాధ్యమగుటకు కారణము సీసా ఆకారములో వచ్చిన చిన్న మార్పు. 18వ శతాబ్దపు మొదటి సీసాలు ఉల్లిగడ్డవలె పొట్టివి. వానిని పడుకోబెట్టుటకు వీలులేదు. క్రమముగా అవి స్తంభాకారము దాల్చినవి. సీసాను అడ్డముగా పడుకోబెట్టినచో రసము బిరడాను తడిపియుంచును. తడిసిన బిరడా ఎండి కుంచించుకొనిపోదు, గాలి చొరదు. అందుచే నేలమాళిగ చీకటిగా, కొంచెము చెమ్మగా, అదురు లేకుండ, 12 మొదలు 15 డిగ్రీల సెల్సియస్ చల్లదనముతో ఉండవలెను. వేడిచలులు తరచు మారుట అన్నిటికంటె చెరుపు. పూర్వము సీసాపై ఒక ప్రక్క తెల్లసున్నమువంటి రంగు మచ్చ వేసెడివారు. ఒకచోటినుండి వేరొకచోటికి మార్చినపుడెల్ల ఆ మచ్చ పైకే ఉండవలెను. ఏలయన, క్రింది ప్రక్కన మడ్డి పేరుకొని గట్టిపడుచుండును, దానిని కదపరాదు.

ఆ మడ్డియే కాలము చేసిన పనికి సాక్ష్యము. రసములోని వగరును, రంగును ఒకదానితో నొకటి పెనవైచుకొని బరువై అడుగునకు దిగును. వగరు తగ్గిన కొలది రుచి మృదువగును. సిరావంటి నల్లని ఎరుపు మొదట కెంపువలె మారి, తుదకు ఇటుకరంగునకు వచ్చును. మొదటి నాలుగైదు ఏండ్లు రసము పండ్ల వాసనతో దూకుడుగా ఉండును. పిమ్మట కొన్నేండ్లు ముభావము వహించి ఏ రుచియు చెప్పదు. ఇరువది ఏండ్లు దాటిన పిదపనే నోరు విప్పును. ఆసవములు పాతబడిన కొలది గుణవంతములని మన వైద్యులును నమ్మిరి గదా!

తెరచుటకును ఒక విధి కలదు. ముందటి దినమే సీసాను నిలబెట్టి, మడ్డిని అడుగునకు దిగనిత్తురు. పాత బిరడా పొడియగునను భయమున్నచో, ఎఱ్ఱగా కాల్చిన పటకారుతో సీసా మెడను కొంతసేపు పట్టి, తడిగుడ్డ నద్దుదురు. మెడ నున్నగా తెగి ఊడివచ్చును. అటుపై కొవ్వొత్తి వెలుగున మెల్లగా వేరొక గాజుపాత్రలోనికి వంచుచు, మెడవద్ద మడ్డి కనబడినంతనే ఆపుదురు. తెరచిన రసము ఒకటి రెండు దినములలోనే పస తగ్గును. కావున అది ఒంటరిగా అనుభవించునది కాదు. నలుగురు కూర్చుండి పంచుకొనునది. పాత్రను ఎడమవైపునకే త్రిప్పుట ఆంగ్లేయుల మర్యాద. ఎవరైన దానిని తన ముందే నిలుపుకొన్నచో ‘పాత్ర నిటు పంపు’డని అడుగరు, ‘నార్విచ్ బిషప్పుగారిని ఎరుగుదురా?’ అని అందురు. పోర్టోలో బ్రిటిషు వర్తకులు 18వ శతాబ్దాంతమున కట్టుకొన్న ఫ్యాక్టరీ హౌసు అను భవనమున రెండు భోజనశాలలు ప్రక్కప్రక్కన కలవు. భోజనము మొదటిదానిలో ముగించి, ఆహారపు వాసన సోకకుండ రెండవదానిలో కూర్చుండి పోర్టు సేవింతురు.

సంగ్రహమా, అనుభవమా?

ఆంగ్లసాహిత్యమున ఈ పానీయము నవ్వును, విమర్శను రెంటిని పుట్టించినది. 1879లో వెలువడిన జార్జి మెరెడిత్ నవల ‘ది ఈగోయిస్ట్’లో, ఇష్టములేని సంబంధమునుండి బయటపడగోరు కన్య తండ్రిని ఆ యింట కట్టివేయునది వరుని నేలమాళిగలోని పాత పోర్టు. ఆ తండ్రి సామాన్యుడు కాడు, మహాపండితుడు. ఎంత చదివినవాడైనను జిహ్వకు లోబడినచో కన్నబిడ్డ కష్టము కనబడదను సత్యమును మెరెడిత్ నవ్వుచునే చెప్పెను. ఎడింబరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు, విమర్శకుడు జార్జి సెయింట్స్‌బరీ మరియొక మార్గమున పోయెను. తన నేలమాళిగ లెక్కపుస్తకమును ఆధారముగా గొని ఆయన 1920లో ప్రకటించిన చిన్నగ్రంథము, ఆ విషయమున నేటికిని పేరుగల రచన.

ఇంగ్లండులో స్థితిపరులు బిడ్డ పుట్టినప్పుడు ఒక పీపా పోర్టు కొని, సుమారు 700 సీసాలలోనికి దింపి, ఆ బిడ్డ 21వ యేటికై దాచుట ఒకప్పటి ఆచారము. 1970 పంట తరువాత వింటేజిని పోర్చుగల్‌లోనే సీసాల కెత్తుట నియమమగుటచే ఆ పీపాల కాలము గడచిపోయినది. నేడు తండ్రులు ఒక పెట్టె కొందురు. బిడ్డ పుట్టిన యేడు వింటేజి ప్రకటింపబడనిచో చేరువ సంవత్సరముతో తృప్తిపడుదురు. మరికొందరు వేలములో కొని, ధర పెరుగునని దాచి, మరల వేలమునకే పంపుదురు. ధనమునకు పెద్దలు చెప్పిన మూడు గతులు ఈ సీసాకును వర్తించును. పంచుకొనుటయో, తాననుభవించుటయో జరుగనిచో, బిరడా శిథిలమై, రసము పలుచనై, అది అక్కరకు రాకయే పోవును. ఎంతటి వింటేజికైనను వృద్ధాప్యము తప్పదు.

ఇక ఆ లోయలో యువకులు నగరములకు తరలిపోవుటచే కోతకు చేతులు చాలుట లేదు. పాత రాతిగోడల మెట్లపైకి యంత్రము లెక్కలేవు. వేసవులు నానాటికి మరింత మండుచున్నవి. అయినను సెప్టెంబరు రాగానే వరుసలు తీరి త్రొక్కు పాదములు ఇంకను కలవు. ఈ సంవత్సరము వారు త్రొక్కిన రసము పాకమునకు వచ్చునాటికి ఆ కూలివారిలో పెద్దలు పెక్కురు ఉండరు. ఆ సీసా నెవరు తెరతురో వారెరుగరు. ఎరుగకయే, పండులోని చేదు గింజ నలుగకుండ జాగ్రత్తగా అడుగు వేయుచున్నారు.