కందిచేను కబుర్లు

దాహమేస్తే మనం లేచివెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకు తాగుతాం. ఎండ ముదిరితే నీడకు చేరతాం. కందిమొక్కకు ఆ వీలు లేదు. మొలిచిన చోటే నిలబడి కరవునూ, తెగుళ్ళనూ కాచుకోవాలి. “మొక్కకు నరాలు లేవు గదా, కష్టం వచ్చిందన్న కబురు ఎలా పోతుందండీ?” అని మా వృక్షశాస్త్రం తరగతిలో విద్యార్థులు అడుగుతుంటారు. దానికి జవాబే ఈ నాలుగు మాటలు.

నేల ఎండితే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. దాన్ని పట్టుకునే గ్రాహక ప్రోటీన్ల సంగతి 2009లో బయటపడింది. మామూలు రోజుల్లో ఫాస్ఫటేజ్ అనే ఎంజైము, కైనేజ్ అనే ఇంకో ఎంజైమును పనిచెయ్యనివ్వదు. ఆమ్లం అందిన గ్రాహకం వెళ్ళి ఆ ఫాస్ఫటేజ్‌నే కట్టిపడేస్తుంది. ఇక కైనేజ్‌కు స్వేచ్ఛ! ఆకుల్లోని పత్రరంధ్రాలు మూసుకుంటాయి, కరవును తట్టుకునే జన్యువులు మేల్కొంటాయి.

ఈ గ్రాహకాలకు జన్యువు ఒక్కటే కాదు, ఓ పెద్ద కుటుంబమే ఉంది. ఆవాల జాతికి చుట్టమైన అరబిడాప్సిస్‌లో 14, సోయాచిక్కుడులో 23. ఎందుకిన్ని? 2010లో వెలువడిన సోయా జన్యుపటం జవాబు చెప్పింది. సుమారు 5.9 కోట్ల ఏళ్ళ క్రితం ఒకసారి, 1.3 కోట్ల ఏళ్ళ క్రితం మరోసారి దాని జన్యుసంపద మొత్తం రెట్టింపయింది. మొదటి రెట్టింపులో కంది, శనగ, వేరుశనగల పూర్వీకులకూ వాటా ఉంది.

రెట్టింపయితే ఏమిటి లాభం? సుసుము ఓనో అనే శాస్త్రజ్ఞుడు 1970లోనే వివరించాడు. పెద్దన్న ఇంటి సేద్యం చూస్తుంటే, తమ్ముడు పట్నం పోయి కొత్త విద్య నేర్చుకోవచ్చు. జన్యువుల్లోనూ అంతే. చాలా నకళ్ళు నశిస్తాయి, కొన్ని పాతపనినే పంచుకుంటాయి, ఏ ఒకటో రెండో కొత్తపని పడతాయి.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్న ఉదాహరణ వేరు బుడిపెలది. శిలీంధ్రాల గోడల్లోని కైటిన్‌ను పసిగట్టి మొక్కను హెచ్చరించే గ్రాహకాలున్నాయి. రైజోబియం బాక్టీరియా పంపే నాడ్ కారకం కూడా కొవ్వు తోక తగిలించిన కైటిన్ ముక్కలాంటిదే. దాన్ని గుర్తించే గ్రాహకాలను 2003లో లోటస్ జపానికస్ అనే మొక్కలో కనుగొన్నారు. అవీ ఆ కుటుంబంలోవే! శత్రువును పట్టే కావలివాళ్ళ ఇంట్లోనే స్నేహితుణ్ణి ఆహ్వానించేవాడు పుట్టాడన్నమాట.

ఇదంతా పుస్తకాల ముచ్చట కాదు. వానను నమ్ముకుని వేరుశనగ వేసే అనంతపురం రైతుకు ఇది కూటి ప్రశ్న. వేరుశనగ రెండు అడవి జాతుల కలయిక. అంచేత దానిలో జన్యువులు రెండేసి జట్లు. ఒకదాన్ని సవరిస్తే దాని తోబుట్టువు ఆ పని అందుకోవచ్చు. పైగా రంధ్రాలు అతిగా మూసుకుంటే నీరు మిగులుతుంది గానీ, బొగ్గుపులుసు వాయువు అందక దిగుబడి తగ్గుతుంది. కాబట్టి “ఒక్క జన్యువుతో కరవు మాయం” అనే మాటను నేను నమ్మను. కుటుంబంలో ఎవరు ఏ పని చేస్తున్నారో ముందు తేలాలి.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞుల నాయకత్వంలో 2011లో కంది, 2013లో శనగ జన్యుపటాలు వెలువడ్డాయి. అక్షరాలు మన చేతికొచ్చాయి. చదివి అర్థం చెప్పవలసినవాళ్ళు మీరే.