నగరముకన్న ముందు పుట్టిన వంతెన

వాన వెలిసినను వాగు తగ్గనిచో బాటసారి ఒడ్డున నిలిచి ఎదురుచూడవలసినదే. ఈ కష్టమును మాచారెడ్డి ప్రాంతపు బాలబాలికలకు వేరుగా వివరింప నక్కరలేదు. 2025 ఆగస్టు నెల చివర కామారెడ్డి జిల్లాలో కుండపోతగా వాన కురిసినప్పుడు వాగులు పొంగి బాటలు తెగెను. రైలుకట్ట సైతము కోతపడెను. ఒక ఊరివారు పక్కఊరికి పోలేకపోయిరి. వంతెన విలువ అది తెగిన దినముననే బాగుగా తెలియును.

అట్టి వరదలను ఎన్నింటినో చూచి, సుమారు నాలుగువందల యేబది ఏండ్లుగా నిలిచియున్న వంతెన యొకటి హైదరాబాదున మూసీనదిపై కలదు. దానిని పురానాపూల్ అందురు. ‘పురానా’ అనగా పాత. ‘పూల్’ అనగా వంతెన. ఇది 1578వ సంవత్సరమున పూర్తియయ్యెను. హైదరాబాదు నగరమునకు పునాది పడినది 1591లో. అనగా వంతెన నగరముకన్న పదుమూడేండ్లు పెద్దది. నగరము లేనిచోట అంత గొప్ప వంతెన ఎందులకు కట్టిరి? ఎవరు కట్టించిరి?

కట్టించినవాడు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్షా. ఇతడు 1550 మొదలు 1580 వరకు రాజ్యమేలెను. యౌవనమున ఏడేండ్లపాటు విజయనగరమున ఆశ్రయము పొంది, అచ్చట తెలుగు భాషా మాధుర్యమును చవిచూచెను. తెలుగు కవులు ఈతనిని ‘మల్కిభరాముడు’ అని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఈతనికి అంకితమిచ్చెను. హుస్సేన్‌సాగరము, ఇబ్రహీంపట్టణపు చెరువు ఈతని కాలమున ఏర్పడినవే. చెరువులు త్రవ్వించినవానికి నీటి విలువ తెలియును. వంతెన కట్టించినవానికి బాట విలువ తెలియును. ఇబ్రహీం ఈ రెండును ఎరిగిన ప్రభువు.

ఈ వంతెన పుట్టుకనుగూర్చి జనులు చెప్పుకొను కథ యొకటి కలదు. యువరాజు మహమ్మదు కులీ, ఆవలి యొడ్డున చిచ్లం అను పల్లెలోనున్న భాగమతిని చూచుటకై పొంగి పొరలుచున్న మూసీలోనికి గుఱ్ఱమును దూకించెనట. కుమారుని సాహసమునకు భయపడి తండ్రి వంతెన కట్టించెనట. కథ మనోహరముగనే యున్నది. కాని కథను తేదీలతో సరిచూచుట చరిత్ర విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠము. మహమ్మదు కులీ జన్మించినది 1565 ప్రాంతమున. వంతెన పూర్తియగునప్పటికి అతనికి పదుమూడేండ్లు. ఇంచుమించు ఎనిమిదవ తరగతి బాలుని వయస్సు! అంతటి వంతెనకు పని మొదలైననాటికి అతడు ఇంకను చిన్నవాడై యుండవలెను. కొందరు చరిత్రకారులు భాగమతి యను స్త్రీ ఉండెనా యనియే శంకించుచున్నారు. కావున కథను కథగా విని ఆనందింపవచ్చును. కారణమును మాత్రము వేరొకచోట వెదకవలెను.

ఆ కారణము బాటలోనే కలదు. గోల్కొండకోట మూసీకి ఉత్తరపు వైపున ఉన్నది. ఆ రాజ్యమునకు ముఖ్యమైన ఓడరేవు మచిలీపట్టణము. అద్దకపు వస్త్రములు, వజ్రములు, ఇతర సరకులు ఆ రేవునుండి దూరదేశములకు పోయెడివి. అచ్చటికి పోవు రాజమార్గము మూసీని దాటి దక్షిణపు ఒడ్డు మీదుగా సాగెడిది. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ వేసవిలో చిన్న వాగువలె కనిపించును. వానకాలమున ఉన్నట్టుండి పొంగి భయము గొల్పును. నది పొంగినచో ఎడ్లబండ్లు నిలిచిపోవును, బేరము నిలిచిపోవును, రాజునకు రావలసిన సుంకమును నిలిచిపోవును. కోటకును వంతెనకును నడుమనున్న పేటకు నేటికిని కార్వాన్ అనియే పేరు. కార్వాన్ అనగా బిడారు. సరకులు మోయు బిడారుల రాకపోకలను ఆ పేరే చాటుచున్నది. ఒక యువరాజుకొరకు గాక, వేలకొలది బాటసారులకొరకు ఆ వంతెన వెలసినదని తలచుటయే యుక్తము.

ఇక దాని నిర్మాణమును చూతము. పురానాపూల్ పొడవు సుమారు 600 అడుగులు. వెడల్పు సుమారు 35 అడుగులు. ఇనుపదూలములు గాని, సిమెంటు గాని ఎరుగని కాలమున దానిని రాతితో, సున్నముతో కట్టిరి. రాతికి ఒక గుణము కలదు. అది ఎంత బరువునైనను నెత్తిన మోయును గాని, వంపును సహింపదు. పొడవైన రాతిపలకను రెండు స్తంభములపై పరచి నడుమ బరువుంచినచో విరుగును. కావుననే శిల్పులు కమానును ఆశ్రయించిరి. ముందుగా కొయ్యచట్రము నిలిపి, దానిపై క్రింద సన్నముగా, పైన వెడల్పుగా చెక్కిన రాళ్ళను ఇరుప్రక్కలనుండి పేర్చుకొని వత్తురు. శిఖరమున నడిమి రాయిని బిగించి, సున్నము గట్టిపడినపిదప చట్రమును తీసివేయుదురు. అప్పుడు ప్రతి రాయియు పక్కరాతిని నొక్కుచు, ఆ రాతిచే నొక్కబడుచు నిలిచియుండును. పైబరువు పెరిగినకొలది రాళ్ళు మరింత బిగియును. బరువంతయు ఇరుప్రక్కల దిమ్మెలకు, వానినుండి భూమికి చేరును. ఇట్టి కమానులు పురానాపూల్‌కు ఇరువదికి పైగా కలవు. వాని క్రిందుగా వరదనీరు దారి చేసికొని పోవును.

వంతెన ఏర్పడినపిదప దక్షిణపు ఒడ్డు దూరప్రదేశము కాకపోయెను. కోటలో జనము పెరిగి, చోటును నీరును చాలనప్పుడు, మహమ్మదు కులీ 1591లో ఆ యొడ్డుననే చార్మినారును నడుమ నిలిపి క్రొత్త నగరమును కట్టించెను. నగరము కొరకు వంతెన పుట్టలేదు. వంతెన యుండుటచేతనే అచ్చట నగరము పెరుగుటకు వీలయ్యెను.

పదునేడవ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే ఈ వంతెనను చూచి, పారిస్ నగరమందలి పోఁ నెఫ్ వంతెనకు అందమున ఏమంత తీసిపోదని వ్రాసెను. ఇందొక వింత కలదు. పురానాపూల్ పూర్తియైన 1578లోనే పారిస్ వంతెనకు పునాది పడెను. అది 1607లో పూర్తియయ్యెను. ‘పోఁ నెఫ్’ అనగా క్రొత్త వంతెన అని అర్థము. నేడు పారిస్‌లో నిలిచియున్న వంతెనలలో అన్నిటికన్న పాతది ఆ ‘క్రొత్త వంతెన’యే! మన వంతెనకో, 1831లో చాదర్‌ఘాట్ వద్దను, తరువాత మరికొన్ని చోటులను వేరు వంతెనలు వెలసినపిదప ‘పాత వంతెన’ యను పేరు తగియున్నది.

రాతివంతెనకును కష్టములు తప్పలేదు. వరదలకు దెబ్బతిన్న దానిని 1820లో నిజాము సికందర్ జా బాగుచేయించెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి కనివిని యెరుగని వరద వచ్చెను. వేలకొలది ఇండ్లు కూలెను. మృతుల సంఖ్య పదునైదువేల వరకు ఉండునని అంచనా. తక్కిన వంతెనలు తెగిపోవుటయో, బలముగా దెబ్బతినుటయో జరిగెను. పురానాపూల్ గాయపడియు నిలిచెను. ఆ వినాశనము తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించిరి. వరదనీటిని నగరమునకు ఎగువనే ఆపవలెనని ఆయన సూచించెను. అందువలన మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. అవి వరదలను చాలవరకు అడ్డుకొనుటయేగాక నగరమునకు త్రాగునీటిని కూడ ఇచ్చెను. అయినను నది తన స్వభావమును మరువలేదు. 2025 సెప్టెంబరు చివర మూసీ మరల పొంగి, మహాత్మాగాంధీ బస్‌స్టేషను లోపలికి నీరు చొచ్చెను.

నేడు పురానాపూల్ దక్షిణపు కొనయందు పాత నగరప్రాకారపు దర్వాజా యొకటి కనిపించును. ఆ ప్రాకారమునకు ఉండిన పెద్ద దర్వాజాలలో మిగిలినవి ఇదియు, దబీర్‌పురా దర్వాజాయు మాత్రమే. గోల్కొండ బిడారులు నడచిన వంతెనమీద కూరగాయలవారు తట్టలు దించుకొని బేరము చేసికొనుచుండిరి. క్రింద మూసీనీరు నగరపు మురికితో నల్లబడినది. వరదకు లొంగని రాయి, మనుష్యుల అశ్రద్ధకు లొంగదని చెప్పలేము. రాళ్ళ సందులలో రావిమొక్క మొలచినను, దిమ్మెల మొదట చెత్త పేరుకొనినను, కట్టడమునకు మెల్లమెల్లగా చేటు కలుగును.

వంతెనను కట్టించిన సుల్తాను పేరు చరిత్రకెక్కినది. రాయి చెక్కినవారి పేర్లు, సున్నము నూరినవారి పేర్లు మనకు దక్కలేదు. వారు పేర్చిన రాళ్ళు మాత్రము ఒకదానినొకటి పట్టుకొని నేటికిని నిలిచియున్నవి. ఆ వంతెనను దాటు ప్రతివాడును వారికి ఋణపడియున్నాడు. దానిని చెడకుండ కాపాడి తరువాతివారికి అప్పగించుటయే ఆ ఋణము తీర్చు మార్గము.