బర్మారు నుంచి తూటాల మర దాకా

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో నాటు తుపాకికి బర్మారు అని పేరు. నింపడం, కొట్టడం అనే రెండు ఉర్దూ మాటలు అందులో కలిసి వినిపిస్తాయి. గొట్టం మూతి నుంచి మందూ గుండ్లూ వేసి, కడ్డీతో దట్టించి పేల్చే ఈ తుపాకి 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెల పక్కన నిలిచిందే గాని, ఒక్కసారి పేలాక మళ్లీ నింపేదాకా పట్టుకున్నవాడికి అది కర్రతో సమానం. ఆ నింపే పనిని తుపాకి నుంచి విడదీసి, ముందుగానే ఒక ఇత్తడి గొట్టంలో పూర్తిచేసి పెట్టుకుంటే అది తూటా అయింది.

తూటాకు నాలుగు భాగాలు: ముందు గుండు, వెనుక మందు, అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్ అనే చిన్న లోహపు మూత, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. పేలినప్పుడు మొదటి మూడూ ఖర్చయిపోయి గొట్టం ఒక్కటే చెక్కుచెదరకుండా మిగులుతుంది కనుక, దాన్ని పారవేయక మళ్లీ నింపుకునే అలవాటు, పిస్టల్ పోటీల సాధనకు వందల కొద్దీ తూటాలు కాల్చే అమెరికా క్రీడాకారుల్లో బాగా పాతుకుపోయింది.

ఈ పనికి వాడే సాదా మరలో ఒకే డై, అంటే గొట్టాన్ని కొలతకు తెచ్చే ఉక్కు అచ్చు, బిగించి ఉంటుంది; వంద గొట్టాలకు ఒక పని ముగించి, అచ్చు మార్చి, మళ్లీ వందకూ రెండో పని మొదలుపెట్టాలి. ప్రోగ్రెసివ్ ప్రెస్ అనే మరలో గొట్టాలు ఒక గుండ్రని పళ్లెం అంచున వరుసగా నిలబడతాయి. మీటను ఒకసారి లాగి వదిలితే ఒకచోట పాత ప్రైమర్ ఊడి కొత్తది ఎక్కుతుంది, పక్కన మూతి కొద్దిగా విచ్చుకుని మందు పడుతుంది, ఆ తరువాతి చోట్ల గుండు కూర్చుని గొట్టం అంచు బిగుస్తుంది. పళ్లెం ఒకసారి నిండాక ప్రతి లాగుకూ ఒక పూర్తి తూటా తొట్టిలోకి రాలుతుంది.

మరను ఎంచుకునేవారు సాధారణంగా మొదట చూసేది గంటకు ఎన్ని తూటాలు అనే అంకెను. నిజానికి చూడవలసింది పళ్లెంలో ఎన్ని స్థానాలున్నాయి, అది ఎలా తిరుగుతుంది అన్నది. అరిజోనాకు చెందిన డిలన్ సంస్థ 550 నమూనాలో నాలుగే స్థానాలు, పళ్లేన్ని చేత్తో తిప్పాలి. అదే సంస్థ 750లోనూ, హార్నడీ వారి లాక్-ఎన్-లోడ్ ఏపీలోనూ ఐదు స్థానాలు ఉండి, పళ్లెం దానంతట అదే తిరుగుతుంది. చేత్తో తిప్పే మరలో మాట్లాడుతూ తిప్పడం మరచిపోతే ఒకే గొట్టంలో మందు రెండుసార్లు పడుతుంది. పిస్టల్ తూటాలో మందు గొట్టం లోపల కొద్దిపాటి చోటే ఆక్రమిస్తుంది కనుక, రెండింతలు పడినా చాలాసార్లు పైకి పొర్లదు, కంటికి ఆనదు; కాల్చినప్పుడు మాత్రం తుపాకి పగిలిపోవచ్చు. మందు అసలే పడకపోయినా ప్రమాదమే, ఎందుకంటే ప్రైమర్ ఒక్కటే తోసిన గుండు తుపాకి గొట్టం మధ్యలో ఇరుక్కుపోతే, దాని వెనుక పేల్చిన మరో తూటా ఆ తుపాకి గొట్టాన్ని చీల్చగలదు. ఐదో స్థానం విలువ ఇక్కడే ఉంది: మందు ఎక్కువతక్కువలను పసిగట్టే అచ్చును అక్కడ బిగించుకోవచ్చు. ఒకే రకం తూటా వేల సంఖ్యలో కావలసినవారికి తనంతట తిరిగే మర తగినది. నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా నింపేవారికి అచ్చులూ పళ్లేలూ మార్చడంలోనే పొద్దు గడుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి సాదా మరే మంచి గురువు.

మన క్రీడాకారుల సంగతి వేరు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ వెండి పతకం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది .22 తూటా, నిప్పు పుట్టించే మందు దాని అడుగు అంచులోపలే ఉండి, సూది దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది కనుక, దాన్ని ఇలాంటి మరపై మళ్లీ నింపడం కుదరదు. పైగా 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు అన్న మాటకిచ్చిన నిర్వచనంలోకి తూటా భాగాలే కాక, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా వస్తాయి. అంటే చట్టం దృష్టిలో ఈ మర కూడా మందుగుండే. లైసెన్సు లేని తయారీని అదే చట్టం అయిదో సెక్షన్ నిషేధిస్తుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ మర అందుబాటులో ఉన్నదే. సొంత వాడకానికి నింపుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు, అమ్మకానికైతే అడుగుతుంది. అయితే ఎఫ్-1, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప, అక్కడ తుపాకినే కాదు, ఒక్క తూటాను కూడా దగ్గర ఉంచుకోకూడదు.