గోడమీది పటము

ఇల్లు కట్టుకొనిన పిమ్మట గోడలు బోసిగా నుండుట యే గృహిణికిని నచ్చదు. అందుచే బజారున గనబడిన పటము నేదో యొకటి కొని మేకునకు దగిలించి తృప్తి నొందుదుము. చీర కొనునపుడు అంచును, నేతను, రంగును ముమ్మారు పరికించు మనము పటము విషయమున నింత యుదాసీనత వహించుట తగునా? చీర మూడేండ్లకు చిరుగును. పటమో, బిడ్డలు పెరిగి పెద్దవారగువఱకు వారి కన్నులయెదుట నుండును.

అచ్చుపటమని చిన్నచూపు వలదు. అసలు చిత్రములు ధనికుల మేడలకే దక్కిన కాలమున రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించి, రంగు రంగునకు వేఱు శిలపై నచ్చొత్తించి, దేవతల రూపములను సామాన్యుల యిండ్లకు జేర్చెను. అమెరికాలో 1962లో ఆండీ వార్హోల్ అంగడిలో నమ్ము సూపు డబ్బాలనే 32 పటములుగా చిత్రించి ప్రదర్శించెను. నిత్యము కంటబడు వస్తువునే చిత్రముగా జూపు నీ పద్ధతికి పాప్ ఆర్ట్ అని పేరు. వాని నకళ్లును నేడు చట్రములతో సహా అమ్మకమునకు వచ్చుచున్నవి.

ఏది కొనవలయును? విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము శృంగార హాస్య శాంత రసముల చిత్రములే యిండ్లకు దగునని చెప్పుచున్నది. సూపు డబ్బాను హాస్యమున జేర్చుకొన్నను దోషము లేదు. కాని 1921లో శ్రీకాకుళమున జన్మించి, చందమామ, యువ పత్రికలకు ముఖచిత్రములు వేసిన మన వడ్డాది పాపయ్య చిత్రము నొకదానిని గూడ వెదకుట మఱువకుడు.

బడిపంతులు జీతముతో గడుచు మావంటి సంసారములకు వెల ముఖ్యము. నకలును నకలు వెలకే కొనవలయును. చేతితో వేసినదని యమ్మువాడు చెప్పినచో భూతద్దముతో జూడుడు. సన్నని చుక్కలు బారులు తీరి కనబడెనా, అది యచ్చే. పటము కట్టువాడు చట్రమునకు సరిపుచ్చుటకై అంచు కత్తిరించునపుడు చిత్రకారుని పేరు పోకుండ దగ్గఱ నుండి చూచుకొనుడు.

డొంకూరువంటి తీరగ్రామములలో ఉప్పుగాలియు చెమ్మయు పటమునకు శత్రువులు. అద్దము చిత్రమునకు నేరుగా తగులరాదు. నడుమ అట్ట యంచు నుంచినచో కాగితము అద్దమునకు అంటుకొనదు. ఇనుప మేకు తుప్పుపట్టును, ఇత్తడి కొక్కెము మేలు. వాన కొట్టు వెలుపలి గోడకంటె లోపలి యడ్డుగోడ మంచిది. క్రింది మూలల వెనుక చిన్న బిరడా ముక్కలు అంటించినచో గాలి యాడి బూజు పట్టదు. ఎండ సూటిగా బడినచో రంగు వెలియును. చెదను కనిపెట్టుటకై అప్పుడప్పుడు పటమును దింపి వెనుకవైపు చూచుట మంచిది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినపుడు ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలే నేలకూలినవి. గోడపటముల మాట చెప్పవలయునా? కావున పటమును గోడకు బిగింపక, హెచ్చరిక విన్నంతనే దింపి గుడ్డ చుట్టి యెత్తున దాచుకొన వీలుగా వ్రేలాడదీయుట మేలు.

సోదరీమణులకు మా మనవి యొక్కటి. పటము వెనుక చిత్రకారుని పేరును, కొనిన సంవత్సరమును వ్రాసి యుంచుడు. “అమ్మా, ఇది యెవరు వేసినారు?” అని బిడ్డ యడిగిననాడు చెప్పుటకు మనయొద్ద మాట యుండవలయును గదా!